సర్వీసింగ్‌కి ఇచ్చిన కారు గీతలతో తిరిగొస్తే ఎవరిది బాధ్యత? పరిహారం ఎలా అడగాలి?

ఉదయం సర్వీస్ సెంటర్‌లో తాళాలు ఇచ్చి ఆఫీసుకు వెళ్లారు. ఆయిల్ మార్చాలి, బ్రేకులు చూడాలి, ఏసీ చల్లగా రావడం లేదు. అంతే పని. సాయంత్రం బిల్లు కట్టి కారు ఇంటికి తెచ్చుకున్నారు. మర్నాడు ఎండలో చూస్తే ఎడమవైపు వెనుక డోరు మీద జానెడు గీత. అంతకుముందు అది లేదు.

ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ఒకటే. "అది ముందే ఉందేమో సర్, ఒకసారి చూసుకోండి."

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ముందు లేదని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. పోనీలే అనుకుని సొంత డబ్బుతో పెయింట్ వేయించుకుంటారు. ఐదేళ్లు ఈఎంఐ కట్టి కొన్న మొదటి కారో, నాన్న పదిహేనేళ్లు జాగ్రత్తగా వాడి మీకిచ్చిన కారో అయితే ఆ గీత చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

నిజానికి ఈ విషయంలో చట్టం చాలావరకు మీ వైపే ఉంది. కావాల్సింది ఆధారం. ఆ ఆధారం దొరికేది కారు అప్పగించేటప్పుడు పది నిమిషాలు, తీసుకునేటప్పుడు పది నిమిషాలు మాత్రమే.

కారు గ్యారేజ్‌లో ఉన్నంతసేపు బాధ్యత ఎవరిది?

ఒక పని కోసం మీ వస్తువును మరొకరికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటును చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 148వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. బట్టలు ఇస్త్రీకి ఇచ్చినా, నగ మెరుగుకి ఇచ్చినా, కారు సర్వీసింగ్‌కి ఇచ్చినా ఇదే సూత్రం.

151వ సెక్షన్ ప్రకారం, వస్తువు తీసుకున్నవారు దాన్ని తమ సొంత వస్తువును ఒక సామాన్య వివేకం ఉన్న మనిషి ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. ఆ మాత్రం జాగ్రత్త తీసుకోక నష్టం జరిగితే బాధ్యత వారిదే. పెద్ద కంపెనీ సర్వీస్ సెంటర్‌కైనా, మీ వీధి చివరి మెకానిక్ షెడ్డుకైనా ఇదే వర్తిస్తుంది.

154వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మీరు ఒప్పుకోని అవసరానికి కారును వాడితే, ఆ వాడకంలో జరిగిన నష్టానికి వారే బాధ్యులు. టెస్ట్ డ్రైవ్ కోసం నాలుగైదు కిలోమీటర్లు తిప్పడం పనిలో భాగమే. సొంత పని మీద ఊరంతా తిప్పి గీత పెడితే, "మేం జాగ్రత్తగానే నడిపాం" అన్న జవాబు చెల్లదు. అందుకే కారు ఇచ్చేటప్పుడు మీటర్‌లో ఉన్న కిలోమీటర్లు జాబ్ కార్డులో రాయించాలి.

తప్పు చేసింది కారు కడిగే కుర్రాడు కావచ్చు, లోపలికి తీసుకెళ్లిన డ్రైవర్ కావచ్చు. మీకు జవాబు చెప్పాల్సింది మాత్రం యజమానే. కాబట్టి ఆ కుర్రాడితో గొడవ పడకండి. అతని జీతంలో కోసి ఇవ్వమని అడగాల్సిన పని కూడా లేదు. మాట్లాడాల్సింది సర్వీస్ మేనేజర్‌తో, లేదా షెడ్డు ఓనర్‌తో.

"ఓనర్ రిస్క్" అని బోర్డు ఉంటే?

జాబ్ కార్డు వెనుక చిన్న అక్షరాల్లో "వాహనానికి జరిగే నష్టానికి మాకు బాధ్యత లేదు" అని రాసి ఉంటుంది. అది చూసి భయపడాల్సిన పని లేదు.

1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు వచ్చిన ఒక అతిథి తన మారుతి జెన్ కారును వాలెట్ పార్కింగ్‌కి ఇచ్చారు. ఆ కారు చోరీ అయింది. పార్కింగ్ ట్యాగ్ మీద ఓనర్ రిస్క్ అని రాశామని హోటల్ వాదించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 నవంబరు 14న వచ్చిన తీర్పులో హోటల్ బాధ్యతను కోర్టు ఖాయం చేసింది. వాహనం తమ చేతికి వచ్చాక అది ఎలా పోయిందో, తాము తగిన జాగ్రత్త ఎలా తీసుకున్నారో చెప్పుకోవాల్సింది హోటలేనని, సొంత నిర్లక్ష్యానికి ఓనర్ రిస్క్ అనే షరతు రక్షణ కాదని చెప్పింది.

అది హోటల్ కేసు. అయినా దాని వెనుక ఉన్నది కూడా బెయిల్‌మెంట్ సూత్రమే కాబట్టి గ్యారేజ్ విషయంలోనూ ఆ వాదన పనికొస్తుంది. కారు బాగున్న స్థితిలో ఇచ్చానని మీరు చూపించగలిగితే, నష్టం ఎలా జరిగిందో చెప్పాల్సిన భారం వారి మీద పడుతుంది.

అన్నిటికీ గ్యారేజ్‌ బాధ్యత కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలాంటి విపత్తులో, తగిన జాగ్రత్త తీసుకున్నా తప్పని నష్టానికి 152వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అలాంటప్పుడు దిక్కు మీ ఇన్సూరెన్సే. లిఫ్ట్ ఎక్కించేటప్పుడు పడ్డ సొట్టను మాత్రం ఎవరూ విపత్తు అనలేరు.

కారు ఇచ్చేటప్పుడు ఏం చేయాలి?

ముందురోజు కారు కడిగించండి. దుమ్ము పట్టిన కారు మీద ఏ గీత పాతదో, ఏది కొత్తదో ఎవరూ చెప్పలేరు.

గ్యారేజ్ ఆవరణలోనే, కారు చుట్టూ ఆగకుండా ఒక వీడియో తీయండి. ముందు నంబరు ప్లేటుతో మొదలుపెట్టి నాలుగు వైపులా, బానెట్, రూఫ్, డిక్కీ, నాలుగు అల్లాయ్ వీల్స్, బంపర్ల కింది అంచులు చూపించండి. లోపల డ్యాష్‌బోర్డు, టచ్ స్క్రీన్, సీట్లు, డోర్ ప్యాడ్లు, మీటర్ రీడింగ్ కూడా రావాలి. సర్వీస్ అడ్వైజర్ పక్కనే ఉండి మాట్లాడుతూ వినిపిస్తే ఇంకా మంచిది.

ముందే ఉన్న గీతలను దాచకండి. జాబ్ కార్డు మీద కారు బొమ్మ ఉంటుంది. పాత గీతలు ఎక్కడున్నాయో దాని మీద మార్క్ చేయించండి. మార్క్ లేని చోట కారు బాగుందని వారు ఒప్పుకున్నట్టే అవుతుంది. బొమ్మ మొత్తం మీద ఒక పెద్ద గీత గీసి "స్క్రాచెస్ ఉన్నాయి" అని రాస్తే ఒప్పుకోవద్దు. షెడ్డులో జాబ్ కార్డు లేకపోతే, ఫొటోలతో పాటు ఓనర్‌కు ఒక వాట్సాప్ మెసేజ్ పంపండి. అదే మీ జాబ్ కార్డు.

అసలు ఫొటోలు, వీడియోలు ఫోన్‌లో అలాగే ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు తీశారనే వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.

డ్రైవర్ ఇంటికొచ్చి కారు తీసుకెళ్లే పికప్ సర్వీసులో రిస్క్ ఎక్కువ. అతను బయల్దేరకముందే ఈ వీడియో తీయాలి. యాప్ ద్వారా బుక్ చేస్తే బుకింగ్ రసీదు, బిల్లు ఎవరి పేరు మీద వచ్చిందీ దాచుకోండి. రేపు యాప్ కంపెనీ గ్యారేజ్‌ని, గ్యారేజ్ డ్రైవర్‌ని చూపిస్తే, ఫిర్యాదులో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చవచ్చు.

తీసుకునేటప్పుడు ఎక్కడ చూడాలి?

వీలైతే పగటి వెలుగులో తీసుకోండి. సాయంత్రం ఆరున్నరకు, అప్పుడే కడిగి నీటి చుక్కలతో ఉన్న కారు మీద గీతలు కనిపించవు. తప్పనిసరైతే తుడిపించి, ఫోన్ టార్చ్‌ను పక్కవాటుగా పట్టుకుని చూడండి.

ఏ పని చేస్తే ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలిస్తే వెతకడం సులువు. టైర్లు మార్చినా, అలైన్‌మెంట్ చేసినా అల్లాయ్ అంచులు గీసుకుపోతాయి. జాకీ సరైన చోట పెట్టకపోతే డోర్ల కింద ఉండే ఇనుప అంచు వంగుతుంది. బానెట్ కింద పని చేసేటప్పుడు వంగిన మెకానిక్ బెల్టు బకిల్ ఫెండర్ మీద గీత పెడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే కడగాలి, లేదంటే పెయింట్‌ను తినేస్తుంది. ఇసుక రేణువులున్న గుడ్డతో తుడిస్తే ముదురు రంగు కార్ల మీద సాలెగూడు లాంటి సన్నని వలయాలు పడతాయి. ఏసీ, ఆడియో పనులకు డ్యాష్‌బోర్డు విప్పితే అంచుల్లో స్క్రూడ్రైవర్ గుర్తులు మిగులుతాయి.

తేడా కనిపిస్తే కారు బయటకు తీయకముందే ఫొటోలు తీసి మేనేజర్‌ను పిలవండి. "సంతృప్తికరంగా తీసుకున్నాను" అన్న కాగితం మీద ఊరికే సంతకం పెట్టకండి. "ఎడమ వెనుక డోరు మీద కొత్త గీత ఉంది, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం చేయండి.

కోపంలో బిల్లు కట్టనని కూర్చుంటే?

అది మీకే నష్టం కావచ్చు. 170వ సెక్షన్ ప్రకారం, చేసిన పనికి డబ్బు వచ్చేదాకా కారును తమ దగ్గరే ఉంచుకునే హక్కు గ్యారేజ్‌కు ఉంది. తెలివైన దారి వేరు. బిల్లు కాపీ మీద "గీత విషయంలో నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, యూపీఐ లేదా కార్డుతో కట్టి, కారు తెచ్చుకోండి. బిల్లు కట్టినంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదు. పైగా మీరు వినియోగదారు అని రుజువు చేసేది ఆ బిల్లే.

"రుద్దితే పోతుంది సర్" అంటే ఒప్పుకోవచ్చా?

గీత ఎంత లోతుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. కారు మీద ఉండేది ఒక్క పొర కాదు. రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోట్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మొత్తం పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. మిల్లీమీటర్‌లో ఆరో వంతు కూడా కాదు. అందులో క్లియర్ కోట్ వాటా మూడో వంతు ఉంటుంది.

గోరుతో మెల్లగా గీతకు అడ్డంగా గీయండి. గోరు ఆగకుండా జారిపోతే గీత క్లియర్ కోట్‌లోనే ఉందని అర్థం. పాలిష్‌తో చాలావరకు పోతుంది. గోరు తట్టుకుంటే లోతుగా దిగింది. దాన్ని రుద్దినకొద్దీ గీత పోదు, చుట్టూ ఉన్న క్లియర్ కోట్ అరిగిపోతుంది. కొన్నాళ్లకు అక్కడ రంగు వెలిసిపోతుంది.

పెయింట్ చెక్కుచెదరకుండా సొట్ట మాత్రమే పడితే, పెయింట్ వేయకుండా వెనుక నుంచి నెట్టి సరిచేసే పద్ధతి ఉంది. ముందు దాన్ని అడగండి. పాత కారు యజమానులకు ఇది మరీ ముఖ్యం. ఒకసారి ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేస్తే ఫ్యాక్టరీ పెయింట్ తిరిగి రాదు. మందం కొలిచే చిన్న మీటర్ పెట్టగానే ఆ ప్యానెల్ వేరుగా తెలిసిపోతుంది. రేపు కారు అమ్మేటప్పుడు "యాక్సిడెంట్ అయిందా?" అన్న ప్రశ్న దానితోనే మొదలవుతుంది.

పెయింట్ తప్పదంటే, కారు కలర్ కోడ్ ప్రకారమే వేస్తామని, మెటాలిక్ రంగైతే పక్క ప్యానెల్‌తో కలిసేలా బ్లెండింగ్ చేస్తామని, పనికి ఇంతకాలం వారంటీ ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ప్యానెల్ మీద సెరామిక్ కోటింగో, పీపీఎఫ్‌ ఫిల్మో ఉండి ఉంటే దాని ఖర్చు కూడా నష్టంలో భాగమే. పాత బిల్లు జత చేయండి.

"ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం" అంటే?

తొందరపడి తల ఊపకండి. క్లెయిమ్ చేస్తే మీ నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతంతో మొదలై, వరుసగా ఐదేళ్లు లేకపోతే 50 శాతం దాకా ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వచ్చే తగ్గింపు అది. దానికి తోడు 1500 సీసీ వరకు కార్లకు రూ.1,000, ఆపైన రూ.2,000 మీ జేబు నుంచే కట్టాలి. వారి తప్పుకు మీ బోనస్ ఎందుకు పోవాలి?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. "మీరే ఎక్కడో గోడకు తగిలించినట్టు రాద్దాం" అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీకి అబద్ధం రాసిచ్చి సంతకం పెట్టేది మీరు. క్లెయిమ్ తిరస్కరించినా, కేసు అయినా ఇరుక్కునేది మీరే.

ఫిర్యాదు ఎలా చేయాలి?

మొదటి మెట్టు, అదే రోజు రాతపూర్వకంగా చెప్పడం. ఫోన్‌లో ఎంత మాట్లాడినా తర్వాత ఈమెయిలో, వాట్సాపో తప్పనిసరి. ఇలా రాయవచ్చు:

"నా కారును ఫలానా తేదీ ఉదయం 10 గంటలకు మీ దగ్గర సర్వీసుకు ఇచ్చాను. అప్పటి జాబ్ కార్డు, వీడియో జత చేస్తున్నాను. సాయంత్రం తీసుకునేటప్పుడు ఎడమ వెనుక డోరు మీద కొత్త గీత ఉంది. ఫొటోలు జత చేస్తున్నాను. కారు మీ ఆధీనంలో ఉన్న సమయంలో జరిగిన ఈ నష్టాన్ని మీ ఖర్చుతో సరిచేయాలి, లేదా మరమ్మతు ఖర్చు చెల్లించాలి. ఆ రోజు సీసీటీవీ రికార్డింగ్‌ను తొలగించకుండా భద్రపరచాలి. 7 రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

సీసీటీవీ వాక్యం మర్చిపోవద్దు. పాత రికార్డింగ్ మీద కొత్తది వచ్చి కొద్దిరోజులకే చెరిగిపోతుంది. మరో చోట మరమ్మతుకు ఎంతవుతుందో ఎస్టిమేట్ కూడా తీసుకుని పెట్టుకోండి. కంపెనీ సర్వీస్ సెంటర్ అయితే కారు కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా ఇదే పంపండి. చాలా గొడవలు ఇక్కడే తేలిపోతాయి.

రెండో మెట్టు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. 8800001915 నంబరుకు వాట్సాప్ కూడా చేయవచ్చు. వారు ఫిర్యాదును అవతలివారికి పంపి జవాబు తెప్పించే ప్రయత్నం చేస్తారు. తీర్పు చెప్పే అధికారం వారికి లేదు. అయినా డాకెట్ నంబరు దాచుకోండి. పరిష్కారం కోసం ప్రయత్నించారన్నదానికి అది ఆధారం.

మూడో మెట్టు, జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్లక్ష్యంతో చేసిన పని సేవాలోపమే. మీరు ఉంటున్న చోటో, ఉద్యోగం చేస్తున్న చోటో ఉన్న కమిషన్‌లోనే వేయవచ్చు. హైదరాబాద్ నుంచి వెళ్తూ కర్నూలులో సర్వీసుకి ఇచ్చినా, హైదరాబాద్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఫీజు సంగతి చాలామందికి తెలియదు. ఏ కమిషన్‌కు వెళ్లాలి, ఎంత ఫీజు కట్టాలి అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి లెక్కిస్తారు. అది రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సర్వీస్ బిల్లు ఎలాగూ అంతకు లోపే ఉంటుంది కాబట్టి మీరు కట్టేది ఏమీ ఉండదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి అందుబాటులో ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు, నష్టం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు.

మరమ్మతు ఖర్చుతో పాటు మానసిక వేదనకు, కేసు ఖర్చులకు కూడా అడగవచ్చు. వేదనకు పరిహారం ఇచ్చే అధికారం వినియోగదారుల ఫోరాలకు ఉందని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. నాన్న కారు మీద ఫ్యాక్టరీ పెయింట్ పోయిందన్న బాధను డబ్బుతో కొలవడం కష్టమే. కానీ ఆ బాధకు చట్టంలో చోటుంది.

ఎవరు వెళ్లలేరు? వ్యాపారం కోసం కార్లు నడిపే ట్రావెల్స్ సంస్థ వినియోగదారు కిందకు రాదు. సొంత కారు నడుపుకుని బతికే క్యాబ్ డ్రైవర్ మాత్రం వస్తారు. ఫ్రీ సర్వీసులో గీత పడినా వదిలేయాల్సిన పని లేదు. అది కారు కొన్నప్పుడు ఇచ్చిన హామీలో భాగం. పైగా ఆయిల్, ఫిల్టర్లకు బిల్లు కట్టే ఉంటారు.

చిన్న గీతకు ఇంత అవసరమా?

నిజమే, రెండు మూడు వేల రూపాయల పనికి కమిషన్ చుట్టూ తిరగడం అందరికీ కుదరదు. ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతున్నా, చాలా కేసులకు అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. అందుకే మొదటి మెట్టును గట్టిగా పట్టుకోండి. తేదీతో వీడియో, మార్క్ చేసిన జాబ్ కార్డు, రాతపూర్వక ఫిర్యాదు, ఈ మూడూ ఉన్న కస్టమర్‌తో వాదించడం కంటే డోరుకు పాలిష్ పెట్టి ఇవ్వడమే గ్యారేజ్‌కు చవక.

ఈసారి సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు తాళాలు ఇచ్చే ముందు ఫోన్ బయటకు తీయండి. కారు చుట్టూ ఒకసారి తిరగండి. ఆ వీడియో అవసరం పడకపోతే మంచిదే, సాయంత్రం తీసేయండి. పడితే మాత్రం "అది ముందే ఉందేమో సర్" అన్న మాటకు జవాబు మీ చేతిలోనే ఉంటుంది.